జీతము, పింఛను, బీమా: లెక్క వ్రాయువారికి శిక్షణ యెందులకు?

పల్లెలలో పింఛను అన్న మాట వినగానే వృద్ధులకును, వితంతువులకును నెలనెలా ఇచ్చు సాంఘిక భద్రతా పింఛనే మనకు మొదట స్ఫురించును. ఈ వ్యాసమున మేము ప్రస్తావించునది అది కాదు. ప్రభుత్వోద్యోగము చేసి విరమించినవారికిని, వారు గతించినచో వారి కుటుంబములకును చెల్లవలసిన పింఛనును గూర్చియు, ఉద్యోగ కాలమున వచ్చు జీతమును గూర్చియు, ఆ జీతము నుండి కోయు బీమా సొమ్మును గూర్చియు ఇచట ముచ్చటింతుము.

ఇది ఉద్యోగుల గొడవ, పంచాయతీ సభ్యులకు దీనితో పనియేమి అని కొందరు తలపవచ్చును. కాని మీ గ్రామమునే ఒకసారి తలచి చూడుడు. బడిపంతులు, పంచాయతీ కార్యదర్శి, రెవిన్యూ ఉద్యోగి, ఆరోగ్య ఉపకేంద్రములోని నర్సు, పశువైద్యశాల అటెండరు, వీరందరును జీతగాండ్రే. ఊరిలో స్థిరపడిన విశ్రాంత ఉపాధ్యాయులును, ఉద్యోగములోనే మరణించినవారి భార్యాబిడ్డలును ఉందురు. వారి చేతికి నెల మొదట రావలసిన సొమ్ము రాకున్నచో ఆ కుటుంబము అప్పుల పాలగును. తగవు చివరకు పంచాయతీ అరుగు మీదికే వచ్చును. పైగా ఆ సొమ్ము సకాలమున చేరుటకు కావలసిన పత్రములలో కొన్ని పంచాయతీ కార్యాలయమునుండియే పోవలసియున్నవి. కావున ఈ లెక్కలు ఎవరు వ్రాయుచున్నారు, వారికి ఆ పని ఎవరు నేర్పుచున్నారు అన్న ప్రశ్న గ్రామమునకు కూడ సంబంధించినదే.

ఒక పుస్తకముపై నిలిచిన జీవితము

ప్రతి ప్రభుత్వోద్యోగికిని ఉద్యోగములో చేరిన దినములలోనే ఒక పుస్తకము తెరవబడును. దానిని సర్వీసు రిజిస్టరు అందురు. ఉద్యోగి పేరు, పుట్టిన తేది, చేరిన తేది, ఏటేట పెరిగిన జీతము, పెట్టిన సెలవులు, బదిలీలు, పదోన్నతులు, కుటుంబ సభ్యుల వివరములు, నామినేషనులు అన్నియు అందులో ఎక్కవలెను. ప్రాథమికోపాధ్యాయుని పుస్తకము మండల విద్యాధికారి కార్యాలయమునను, పంచాయతీ కార్యదర్శి పుస్తకము మండల పరిషత్తు కార్యాలయమునను ఉండుట సాధారణ పద్ధతి. ఉద్యోగి ఊరు మారినపుడు పుస్తకము కూడ అతని వెంట క్రొత్త కార్యాలయమునకు పోవును. దానితోపాటు చివరి జీతపు ధ్రువపత్రము, అనగా పాతచోట ఏ నెల వరకు ఎంత జీతము ఇచ్చిరి, ఏయే అప్పుల బాపతు ఎంత కోసిరి అని తెలుపు పత్రము, పోవలెను.

జీతపు బిల్లు తయారుచేయు గుమాస్తా ఈ పుస్తకమును చూచియే లెక్క కట్టును. బిల్లుపై డ్రాయింగు ఆఫీసరు సంతకము చేయును. ట్రెజరీవారు దానిని పరీక్షించి చెల్లింతురు. ఉద్యోగి విరమించునపుడు ఇదే పుస్తకము పింఛను కాగితములతో కూడి, శాఖను బట్టి గణాంకాధికారి కార్యాలయమునకో, స్టేట్ ఆడిట్ శాఖకో చేరును. వారు ఆ ఉద్యోగిని ఎరుగరు. ముప్పది ఏండ్ల సేవకు వారి ఎదుట ఉండు సాక్షి ఆ పుస్తకమొక్కటే. అందులో వ్రాయనిది జరుగనట్లే. ఇందుచేతనే గుమాస్తా చేతిలోని కలము ఒక కుటుంబపు ముసలినాటి అన్నముతో ముడిపడియున్నదని మేము చెప్పుచున్నాము.

చిన్న పొరపాటు, పెద్ద నష్టము

పాత పింఛను నిబంధనల క్రింద, అనగా మన రాష్ట్రమున 2004 సెప్టెంబరు 1కి పూర్వము నియమింపబడినవారికి, 1980 నాటి సవరించిన పింఛను నిబంధనలు వర్తించును. వాని ప్రకారము 33 సంవత్సరముల అర్హసేవ ఉన్నవారికి చివరి జీతములో సగము పింఛనుగా వచ్చును. సేవ తగ్గిన కొలది పింఛను ఆ నిష్పత్తిలోనే తగ్గును. ఒక ఉపాధ్యాయుని చివరి మూల వేతనము 44,000 రూపాయలనియు, సేవ సరిగా 33 ఏండ్లనియు, నిబంధనలలోని ఇతర చేర్పులేవియు లేవనియు అనుకొందము. అతనికి నెలకు 22,000 రూపాయలు రావలెను. కాని నడుమ ఒక మండలములో పనిచేసిన 3 సంవత్సరముల సేవను సరిచూచినట్లు పుస్తకములో ఎవరును వ్రాయలేదు. ఆ మూడేండ్లును త్రోసివేసినచో 30 ఏండ్లకు వచ్చునది 20,000 రూపాయలే. నెలకు 2,000, ఏడాదికి 24,000, పదునైదేండ్లకు 3,60,000 రూపాయల నష్టము. దానిపై వచ్చు కరవు భత్యము వేరు. గ్రాట్యుటీలో తగ్గునది వేరు. సంవత్సరాంతమున ఒక్క వరుస వ్రాసి సంతకము చేయించినచో ఇంత నష్టము రాదు.

పొరపాటు ఎల్లప్పుడును ఉద్యోగికే నష్టము కలిగించునని కాదు. జీతము స్థిరీకరించునపుడు ఒక ఇంక్రిమెంటు అధికముగా కలిపినచో ప్రజల సొమ్ము ఏండ్ల తరబడి వ్యర్థముగా పోవును. దానిని తిరిగి రాబట్టుట కూడ సులభము కాదు. పంజాబు రాష్ట్రమునకు సంబంధించిన ఒక వ్యాజ్యములో సుప్రీముకోర్టు 2014 డిసెంబరు 18న తీర్పు చెప్పుచు, క్రింది తరగతుల ఉద్యోగులనుండియు, విరమించినవారినుండియు, ఏడాదిలోపుగా విరమింపబోవువారినుండియు, అయిదేండ్లకు మించి జరిగిన అధిక చెల్లింపుల విషయమునను ఇట్టి వసూలు తగదని నిర్ణయించెను. ఉద్యోగి తప్పులేక కార్యాలయపు తప్పువలన జరిగిన దానికి పేద ఉద్యోగిని శిక్షింపరాదన్నది అందలి న్యాయము. అనగా గుమాస్తా లెక్క తప్పినచో ఒకప్పుడు కుటుంబము, మరొకప్పుడు ప్రభుత్వ ఖజానా నష్టపోవును.

ఆలస్యము కూడ నష్టమే. కేరళ రాష్ట్రములో 1973 మే 19న విరమించిన ఒక ఉద్యోగికి పింఛనును, గ్రాట్యుటీయును 1975 ఆగస్టు 14న గాని చేతికి రాలేదు. రెండేండ్ల మూడు నెలల ఈ జాగునకు కారణము చివరి జీతపు ధ్రువపత్రము సకాలమున ఇయ్యకపోవుటయే. ఆయన వడ్డీకై దావా వేసెను. 1984 డిసెంబరు 17న సుప్రీముకోర్టు ఆ వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, పింఛనును గ్రాట్యుటీయును ప్రభుత్వము దయతో పంచిపెట్టు దానములు కావనియు, అవి ఉద్యోగికి చెందిన విలువైన హక్కులనియు, విరమించిన రెండు నెలల తరువాత కూడ ఇయ్యనిచో వడ్డీతో చెల్లింపవలసియుండుననియు స్పష్టపరచెను. కావలసిన ధ్రువపత్రములకు ఆధారములు కార్యాలయములయొద్దనే ఉండునుగదా, వానిని ముందుగా సేకరింపరాదా అని కోర్టువారు ప్రశ్నించిరి. పింఛను హక్కును గూర్చిన మరొక ప్రసిద్ధమైన తీర్పును అదే కోర్టు అంతకు సరిగా రెండేండ్లు ముందు, 1982 డిసెంబరు 17న వెలువరించెను. అందుచేతనే ఏటా డిసెంబరు 17వ తేదిని పింఛనుదారుల దినముగా జరుపుకొనుచున్నారు.

బీమా: సొమ్ము కోసినంతమాత్రమున చాలదు

మన రాష్ట్రములలో ప్రభుత్వోద్యోగులకు ప్రభుత్వమే జీవిత బీమా నడుపు పద్ధతి మిక్కిలి పాతది. 1907లో నిజాము ప్రభుత్వము తన ఉద్యోగుల క్షేమమునకై దీనిని నెలకొల్పెను. నేడు ఆంధ్రప్రదేశములోను, తెలంగాణములోను వేరువేరు ప్రభుత్వ జీవిత బీమా శాఖలు ఈ పనిని నిర్వహించుచున్నవి. ఇందులో ఒక సూక్ష్మమును అందరును ఎరుగవలెను. జీతమునుండి ప్రీమియము కోసినంతమాత్రమున బీమా చేసినట్లు కాదు. ఉద్యోగి ప్రతిపాదన పత్రమును నింపి పంపవలెను. శాఖ దానిని అంగీకరించి పాలసీ ఇయ్యవలెను. ప్రతిపాదన పత్రము లేకయే నెలనెలా సొమ్ము కోయుచు పోయినచో ఆ సొమ్మునకు బీమా రక్షణ ఉండదు. ప్రీమియము పెంచునపుడును ఇదే నియమము. ఈ సంగతి తెలియని గుమాస్తా ఏండ్ల తరబడి సొమ్ము కోసి పంపుచునే ఉండును. ఇంటి యజమాని అకస్మాత్తుగా కన్నుమూసిన దినమున గాని లోపము బయటపడదు. అప్పటికి దిద్దుటకు వీలుండదు.

1984 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చిన సామూహిక బీమా పథకము మరొకటి. పదోన్నతి పొందిన ఉద్యోగి పై వర్గమునకు చెందిన చందాను పదోన్నతి నెలనుండి కాక, మరుసటి నవంబరునుండి చెల్లింపవలెను. నడుమ చేరినవారికి మరుసటి నవంబరు వరకు బీమా భాగమును మాత్రమే కోయవలెను. ఇట్టి చిన్న నియమములు కంఠస్థము చేయుటవలన గాక, ఒకరు ప్రక్కన కూర్చుండి లెక్క కట్టించి చూపుటవలననే పట్టుబడును.

అన్నిటికంటె ముఖ్యమైనది నామినేషను. పెండ్లికాక పూర్వము తల్లి పేరు వ్రాసి ఇచ్చిన యువకుడు, పెండ్లయి బిడ్డలు కలిగిన పిదప దానిని మార్పవలెనని తలపడు. భవిష్యనిధి నిబంధనలలో, కుటుంబము లేనప్పుడు చేసిన నామినేషను కుటుంబము ఏర్పడినపిమ్మట చెల్లకుండ పోవును. అటుపై అత్తకు కోడలికి తగవులును, వారసత్వపు దావాలును మొదలగును. శిక్షణ పొందిన గుమాస్తా వివాహము జరిగిన సంగతి తెలిసిన నెలలోనే క్రొత్త నామినేషను కాగితమును ఉద్యోగి ముందు పెట్టును.

తప్పులు ఎందుచేత జరుగుచున్నవి?

ఈ తప్పులన్నియు సోమరితనమువలననో, దురుద్దేశమువలననో జరుగుచున్నవని అనుట న్యాయము కాదు. 1922 జనవరి 1న అమలులోనికి వచ్చిన ప్రాథమిక నియమములు నేటికిని జీతపు లెక్కలకు ఆధారముగా ఉన్నవి. వానిపై వేతన సవరణ ఉత్తరువులు, సెలవు నియమములు, ఆదాయపు పన్ను కోతలు పొరలు పొరలుగా చేరినవి. పింఛనులోనే భిన్నమైన ఏర్పాటులు ఉన్నవి. 2004 సెప్టెంబరు 1 నుండి మన రాష్ట్రమున చేరినవారికి చందా పింఛను పథకము వచ్చినది. అందులో ఉద్యోగి వేతనమునుండి, కరవు భత్యమునుండి 10 శాతము కోసి, ప్రభుత్వము తన వంతు కలిపి, ఉద్యోగి పేరనున్న శాశ్వత ఖాతాసంఖ్యకు జమకట్టవలెను. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 2025 ఏప్రిలు 1 నుండి ఏకీకృత పింఛను పథకమును ఎంచుకొను వీలు కలిగినది. పదవీ విరమణ వయస్సు ఆంధ్రప్రదేశమున 62, తెలంగాణమున 61. ఒకే కార్యాలయమున ప్రక్కప్రక్కన కూర్చున్న ఇద్దరికి వేరువేరు నిబంధనలు వర్తించుచుండగా, నిన్న మొన్న ఈ కుర్చీలోనికి వచ్చిన గుమాస్తా తబ్బిబ్బగుట వింత కాదు.

కంప్యూటరు వచ్చినది గనుక ఇక తప్పులు జరుగవని కొందరి నమ్మకము. యంత్రము కూడికలలో తప్పదు. కాని మనము ఎక్కించిన పుట్టిన తేది తప్పయినచో ఆ తప్పునే అది నమ్మి లెక్క కట్టును. ఖాతాసంఖ్యలో ఒక అంకె మారినచో ఒకరి చందా జమకాకుండ నిలిచిపోవును, లేదా మరొకరి పేర పడును. గతములో పెద్ద గుమాస్తా ప్రక్కన చిన్న గుమాస్తా కొన్నియేండ్లు కూర్చుండి పని నేర్చుకొనెడివాడు. నేడు పలు చిన్న కార్యాలయములలో ఆ పని అంతయు ఒక్కరిదే. బదిలీ అయి వచ్చినవానికి చూపించువారు ఉండరు. ఆ లోటును తీర్చవలసినది శిక్షణయే.

శిక్షణ ఎట్లుండవలెను?

ఈ పనికి సంస్థలు లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఢిల్లీలో 1948లో స్థాపింపబడిన సచివాలయ శిక్షణ సంస్థ కలదు. తెలంగాణమునకు హైదరాబాదులోని డాక్టరు మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ, ఆంధ్రప్రదేశమునకు బాపట్లలోని మానవ వనరుల అభివృద్ధి సంస్థ ఉన్నవి. 2020 సెప్టెంబరు 2న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన కర్మయోగి పథకము క్రింద ఉద్యోగులు తమ సెల్‌ఫోనులోనే పాఠములు వినుటకు ఏర్పాటు జరిగినది. పబ్లికు సర్వీసు కమీషను జరుపు శాఖాపరీక్షలలో లెక్కల పరీక్షయు ఒకటి. కొన్ని పదోన్నతులకు అందు ఉత్తీర్ణత తప్పనిసరి.

అయినను పరీక్ష వేరు, పని వేరు. ఈతను గూర్చి పుస్తకము చదివినవాడు చెరువు దాటలేడు. మంచి శిక్షణలో నాలుగు అంశములు ఉండవలెనని మా అభిప్రాయము. మొదటిది, నమూనా సర్వీసు రిజిస్టరును చేతికిచ్చి, అందులో కావలెనని ఉంచిన లోపములను అభ్యర్థిచేతనే కనిపెట్టించుట. రెండవది, చేరిననాటినుండి విరమణ వరకు ఒక ఉద్యోగి జీతమును ఆద్యంతము లెక్క కట్టించి, పింఛను కాగితములు నింపించుట. మూడవది, బిల్లు వ్రాయువారిని, దానిని పరీక్షించు ట్రెజరీ ఉద్యోగులను ఒకేచోట కూర్చుండబెట్టుట. బిల్లు ఎందులకు తిరిగివచ్చుచున్నదో ఒకరినుండి ఒకరు తెలిసికొన్నచో సగము ఆక్షేపణలు తగ్గును. నాలుగవది, ఎదుటివారితో మాటలాడు పద్ధతి. భర్తను పోగొట్టుకొని వారమైనను కాని స్త్రీ కార్యాలయమునకు వచ్చినపుడు, ఏయే కాగితములు కావలెనో ఒక్కసారే వ్రాసి ఇచ్చుట నేర్పవలెను. నేడొకటి, రేపొకటి అని త్రిప్పుట తెలియనితనమునకే గుర్తు.

సంతకము చేయు అధికారికి కూడ ఈ శిక్షణ అవసరము. తనకు తెలియని లెక్కపై సంతకము చేయువాడు గుమాస్తా తప్పును తన తప్పుగా చేసికొనుచున్నాడు.

పంచాయతీ చేయగలిగిన మేలు

ఈ విషయమున పంచాయతీ సభ్యుల కర్తవ్యము కొంత కలదు.

కార్యదర్శికి గాని, ఇతర సిబ్బందికి గాని శిక్షణకు పిలుపు వచ్చినపుడు, పనులు ఆగిపోవునని అడ్డు చెప్పకుడు. ఆ దినములలో పని నడుచుటకు ముందుగా ఏర్పాటు చేసికొని పంపుడు. తిరిగివచ్చిన పిదప నేర్చినదేమని సమావేశములో అడిగి తెలిసికొనుడు.

జనన మరణముల నమోదు 1969 నాటి చట్టముననుసరించి జరుగుచున్నది. మరణమును 21 దినములలోపుగా తెలుపవలెను. 30 దినములు దాటినచో పై అధికారి అనుమతియు, ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువును కావలసి వచ్చును. మరణ ధ్రువపత్రము లేక కుటుంబ పింఛను గాని, బీమా సొమ్ము గాని కదలదు. అందులో పేరు సర్వీసు రిజిస్టరులో ఉన్నట్లే ఉండునట్లు చూడుడు. ఊరిలో అందరును పిలుచు పేరొకటి, రికార్డులోని పేరొకటి అయినచో కుటుంబము నెలల తరబడి తిరుగవలసి వచ్చును. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి ప్రభుత్వోద్యోగమున చేరునపుడు పుట్టిన తేదికి జనన ధ్రువపత్రమే ఆధారము. నేడు మీ పంచాయతీ పుస్తకములో పడు తేది ఆ శిశువు విరమణ దినమును నిర్ణయించునన్నమాట.

పంచాయతీ స్వయముగా నియమించుకొన్న పారిశుద్ధ్యపు పనివారి సంగతి కూడ మరువరాదు. ఉద్యోగుల భవిష్యనిధి వర్తించుచోట, వారి వేతనమునుండి కోసిన సొమ్మును, యజమాని వంతును నెల ముగిసిన 15 దినములలోపుగా జమకట్టవలెను. ఆ నిధితోపాటే బీమా రక్షణయు ఉన్నది. 2021 నుండి దాని గరిష్ఠ పరిమితి 7 లక్షల రూపాయలు. గుత్తేదారుద్వారా పనివారిని పెట్టుకొన్నను, సొమ్ము జమ అయిన రసీదు చూచినగాని అతని బిల్లు ఆమోదింపకుడు.

గ్రామములోని ఉద్యోగులతో ముచ్చటించునపుడు మూడు ప్రశ్నలు వేయుడు: సర్వీసు రిజిస్టరును ఈ ఏడాది చూచుకొంటిరా? నామినేషనులో ఎవరి పేరున్నది? బీమా పాలసీ పత్రము ఇంటిలో ఎవరికి తెలిసిన చోట ఉన్నది? అట్లే విశ్రాంత ఉద్యోగులకు ఏటేట ఇయ్యవలసిన జీవన ధ్రువపత్రమును గుర్తుచేయుడు. 2014 నవంబరు 10న ప్రారంభింపబడిన జీవన్ ప్రమాణ్ పద్ధతివలన వ్రేలిముద్రతో దానిని ఊరిలోనుండియే పంపవచ్చును. మంచముపట్టిన వృద్ధునకు గ్రామములోని చదువుకొన్న యువకుడొకడు తోడ్పడినచో ట్రెజరీ ప్రయాణము తప్పును.

రోడ్డు పడినచో కన్నులకు కనిపించును. బావి త్రవ్వినచో నీరు వచ్చును. ఒక గుమాస్తాకు శిక్షణ యిచ్చిన ఫలము అట్లు కంటికి కనిపించునది కాదు. సరియైన తేదికి ఇంటికి చేరిన జీతము, విరమించిన మరుసటి నెలలోనే వచ్చిన పింఛను, ఎవరినీ బ్రతిమాలకుండ విధవరాలి చేతికందిన బీమా సొమ్ము, ఇవియే దాని ఫలములు. ఇట్టి కుటుంబము మీ గ్రామములో ఏదైన నేడు కాగితములకై తిరుగుచున్నచో, వచ్చు సమావేశమునకు ముందే వారిని పిలిచి, ఏ కార్యాలయమున ఏ కాగితము ఆగియున్నదో వ్రాయించి తీసికొనుడని మా మనవి.